మామ నాచేత బిగింపించిన చిన్న డిస్కు

మామ పోయాడన్న సంగతి నాకు అత్తే చెప్పింది. పలమనేరులో నేను పనిచేసే పాల డెయిరీ ఆఫీసుకు ఫోన్ చేసి, ఎప్పటిలాగే ముందు "తిన్నావా మ్మా" అని అడిగింది. తిన్నానన్నాను. "మీ మామ పొద్దున కాఫీ తాగి గ్లాసు కింద పెట్టినాడు మ్మా. అట్లనే గోడకు ఆనుకున్నాడు. ఎంత పిలిచినా పలకలే" అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాలన్న జాగ్రత్త ఉంది. ఫోన్ పెట్టేశాక కూడా నేను కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు. ఏ ఊరి పాలల్లో వెన్న ఎంతుందో ఎక్కించే పట్టిక సగంలో ఉంటే, దాన్ని చివరిదాకా పూర్తి చేశాను. ఎందుకు చేశానో తెలియదు. వేళ్ళు వాటంతట అవే కదిలాయి.

మధ్యాహ్నానికి తిరుపతి చేరాం. నేను, నా భర్త, మా రెండేళ్ళ పాప. ఇంటి నిండా జనం. మామ సొంతూరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నన్ను కాసేపు చూసి, "ఈ యమ్మ ఎవురు?" అని అత్తను అడిగింది.

"మా కోడలు."

"మరి ఆ పక్కనాయన?"

"మా కోడలి మొగుడు" అంది అత్త, అందులో వింతేమీ లేనట్టు.

పెద్దావిడ మమ్మల్ని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నవ్వాల్సిన రోజు కాదు గానీ, మామ ఉండి ఉంటే నవ్వేవాడు. చదివేవాళ్ళకూ ఆ పెద్దావిడకు వచ్చిన సందేహమే రావచ్చు. దానికి జవాబు చెబితే మామ గురించి చెప్పినట్టే అవుతుంది.

మామ తిరుపతి బస్సు డిపోలో మెకానిక్. ముప్పై ఏళ్ళకు పైగా బస్సుల కింద పడుకుని పనిచేశాడు. వడమాలపేట దగ్గరి పల్లె నుంచి నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేనాటికి ఆయన రిటైరై ఏడాది దాటింది. అయినా చేతుల నుంచి డీజిల్ వాసన పోలేదు. కిరోసిన్‌తో తుడిచి, సబ్బుపొడితో రుద్ది, నిమ్మచెక్క పూసుకుని గానీ అన్నానికి కూర్చునేవాడు కాదు. ఎంత కడిగినా గోళ్ళ చుట్టూ నల్లటి గీత మిగిలేది. మొదటి రోజుల్లో నేను వడ్డించడానికి వస్తే ఆ చేతుల్ని ఒళ్ళో దాచుకునేవాడు, కొత్త కోడలు ఏమనుకుంటుందోనని.

ఇంట్లో ఫ్యాను ఆగినా, గ్రైండరు ఆగినా బయటివాళ్ళను పిలిచే పని లేదు. నేల మీద తెల్ల తువ్వాలు పరిచి, విప్పిన ప్రతి స్క్రూనూ విప్పిన వరుసలోనే దానిమీద పేర్చేవాడు. ఆ తువ్వాలు దాటి ఎవరూ నడవకూడదు. "బండి నిలబడిపోయిందంటే అంతా చెడిపోయిందని కాదు మ్మా. యాడ నిలబడిందో అది సూడాల. తక్కిందంతా బాగానే ఉంటాది" అనేవాడు. అప్పట్లో అది మిక్సీలకూ ఫ్యాన్లకూ సంబంధించిన మాట అనుకున్నాను.

మామకు ఒక్కడే కొడుకు. రోడ్లు వేసే కాంట్రాక్టరు దగ్గర సైటు ఇంజనీరు. ఆయనే నా మొదటి భర్త. చెన్నైలో ఉన్న స్నేహితుడి దగ్గర పాత ల్యాప్‌టాప్ ఒకటి కొనుక్కొచ్చాడు. మా వీధిలో అలాంటిది అంతకు ముందు ఎవరూ చూడలేదు. సాయంత్రం మంచం మీద దాన్ని తెరిచి ఆయన పని చేసుకుంటుంటే, మామ చేతులు కట్టుకుని కొంచెం దూరంగా నిలబడేవాడు.

"ఇంత సన్న డబ్బాలో ఇంజను యాడ పెట్టినార్రా?"

"ఇంజను కాదు నాయనా, డిస్కు. అన్నీ దాంట్లోనే ఉంటాయి" అని ఆయన నవ్వేవాడు.

ఏం రాస్తున్నావని నేను అడిగితే "నీ గురించే" అనేవాడు. నన్ను ఆటపట్టించడానికి. అది ఆటపట్టించడమేనని అప్పుడు నాకు తెలుసు. తర్వాత తెలియకుండా పోయింది.

పెళ్ళయిన రెండో ఏడు, సైటు నుంచి వస్తుండగా చంద్రగిరి దగ్గర ఆయన బైకును లారీ కొట్టింది. అంతకంటే ఆ రోజు గురించి రాయలేను. భుజానున్న బ్యాగు పక్కన చెరకు తోటలో పడిందట. వారం తర్వాత పోలీసులు ఇచ్చారు. ల్యాప్‌టాప్ మూత విరిగింది, తెర పగిలింది, మీటలు కొన్ని ఊడిపోయాయి. అత్త దాన్ని కొడుకు తువ్వాలులో చుట్టి, బీరువాలో పట్టుచీరల అడుగున పెట్టి తాళం వేసింది.

మా నాయన వచ్చి నన్ను ఊరికి రమ్మన్నాడు. మామ ఒకటే అన్నాడు. "ఉంటానంటే ఉండనీ అప్పా. పోతానంటే నేనే తెచ్చి దింపుతా. ఏదైనా ఆ బిడ్డ నోటితోనే సెప్పాల." నేను ఉంటానన్నాను. అత్తమామల మీద ప్రేమతో ఉండిపోయాననీ, మంచి కోడలుననీ ఊళ్ళో అనుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ బీరువా ఆ ఇంట్లో ఉంది కాబట్టి ఉన్నాను. "నీ గురించే" అన్నాడు కదా. ఆ డబ్బాలో నాకోసం ఏదో ఒక మాట ఉండే ఉంటుందని నా నమ్మకం. తెరిస్తే ఆ మాట దొరుకుతుంది. లేదా దొరకదు. దొరకదేమోనన్న భయంతో తెరవమని అడగనూ లేదు. అలా ఏడాది గడిచింది.

ఒక పొద్దున మామ పేపరు మడిచి నా ముందు పెట్టాడు. కంప్యూటర్ ఆపరేటర్లు కావాలన్న ప్రకటన. "నువ్వు బీకాం సదివినావు గదా మ్మా. ఇది నేర్చుకో" అన్నాడు.

అత్త వంటింట్లోంచే, "కోడల్ని సంపాదనకు పంపినాడని నలుగురూ నవ్వల్ల. అదొక్కటే తక్కువ మనకు" అంది.

"నవ్వేవాళ్ళు దానికి తోడుంటారా ఏమ్మే? మనమెన్నాళ్ళుంటాం?"

మర్నాటి నుంచి ఇన్‌స్టిట్యూటుకు వెళ్ళాను. అక్కడ ఒక్కో కంప్యూటర్‌కు ముగ్గురం. పావుగంట కూడా మీటలు నా చేతికి వచ్చేవి కావు. అది విని మామ రెండు రోజులు ఊరంతా తిరిగి, మూసేస్తున్న ఇంటర్నెట్ సెంటర్ నుంచి పాత కంప్యూటర్ ఒకటి ఆటోలో వేసుకొచ్చాడు. మానిటరు ఉంది, కీబోర్డు ఉంది, పెద్ద ఇనుప డబ్బా లాంటి సీపీయూ ఉంది. కలిపి చూస్తే తెర మీద తెల్ల అక్షరాలు రెండు వరుసలు వచ్చి ఆగిపోయింది. సెంటర్ నడిపినాయన డిస్కు తీసేసుకుని మిగతాది ఇచ్చాడు. ఆ నెల పింఛనుతో కొత్త డిస్కు కొనడం కుదిరే పని కాదు.

గాంధీ రోడ్డు పక్క సందులో కంప్యూటర్లు బాగుచేసే అంగడి ఒకటి ఉండేది. నడిపేది నలభై ఏళ్ళు దాటిన మనిషి, మెల్లగా మాట్లాడేవాడు. మామ నన్ను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాడు.

"ల్యాప్‌టాప్‌లో గూడా డిస్కు ఉంటాది గదా సామీ. దాన్ని తీసి దీనికి పెట్టచ్చునా?"

"సరిపోదు పెద్దాయనా. అది చిన్నది."

"సరిపోదంటే దీంట్లో పట్టదనా, పట్టినా పని సేయదనా?"

అంగడాయన పాత కేబులు ఒకటి తీసి చూపించాడు. "పని చేస్తుంది. పట్టదు. దాని పిన్నులు సన్నం, దీని కేబులు వెడల్పు. మధ్యలో ఒక ముక్క కావాల. చెన్నైలో దొరుకుతుంది, ఈడ లేదు."

"పట్టకుంటే పట్టేట్టు సేస్తాం. మేం సేసిందంతా ఆ పనే గదా" అన్నాడు మామ. ఇంటికి నడుస్తున్నప్పుడు మాత్రం నా వైపు చూడకుండా అడిగాడు. "వాడి డిస్కు తీద్దామా మ్మా?"

వద్దన్నాను. ఆ ఇంటికి వచ్చాక మామ మాట కాదనడం అదే మొదటిసారి.

"సరే" అన్నాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఎందుకని అడగలేదు, మొహం మార్చుకోలేదు. కంప్యూటర్ మీద పాత దుప్పటి కప్పాడు. రెండు రోజుల తర్వాత గోడ కాలెండర్ చింపి, వెనక తెల్లవైపున స్కేలుతో కొలిచి కీబోర్డు బొమ్మ గీశాడు. ఒక్కో మీట అసలు మీటంతే ఉంది. అక్షరాలు ఎర్ర ఇంకుతో రాసి, అట్టకు అంటించి ఇచ్చాడు. "వేళ్ళకు దారి తెలిస్తే సాలు. తెర దానంతటదే వస్తాది" అన్నాడు.

ఆ అట్ట మీద మూడు నెలలు వేళ్ళు కదిపాను. ఒక మధ్యాహ్నం చూసుకుంటే, చాలాసేపటి నుంచి పోయిన నా భర్త పేరే కొడుతున్నాను. ఎన్నిసార్లు కొట్టానో తెలియదు. అట్ట అట్టలాగే ఉంది. ఏమీ రాలేదు దాని మీద. లేచి మామ దగ్గరికి వెళ్ళాను. వరండాలో కూర్చుని పక్కింటి వాళ్ళ టేబుల్ ఫ్యానుకు నూనె వేస్తున్నాడు.

"మామా, ఆ డిస్కు చూద్దాం. దాంట్లో నాకేదైనా రాసి పెట్టినాడేమో" అన్నాను. చెప్పాక ఏడుపు వచ్చింది.

మామ నూనె డబ్బా పక్కన పెట్టాడు. "ఇన్నాళ్ళూ దానికోసమా నువ్వు వద్దనింది" అన్నాడు మెల్లగా. "అట్లయితే ముందు అది సూడాల. తర్వాతే కంప్యూటరూ గింప్యూటరూ."

బీరువా తాళాలు అత్త నడుముకు ఉండేవి. మామ అడిగినప్పుడు ఆమె వాటిని తీసి గట్టు మీద పెట్టి, "నా కొడుకు సామాను ఇప్పి సూస్తే వాడొస్తాడా?" అని అడిగింది.

"రాడు మే. ఈ బిడ్డ ఈడ్నే కూలబడి ఉండాది, అది లేస్తాది."

తర్వాత ఎనిమిది రోజులు అత్త ఆయనతో మాట్లాడలేదు. ఏదున్నా నాతోనే. "మీ మామతో సెప్పు, అన్నంలోకి సారు అయిపోయిందని." మామ కూడా నాతోనే చెప్పేవాడు, మజ్జిగ చాలునని. ఇద్దరూ ఒకే గదిలో ఎదురెదురుగా ఉండి.

ల్యాప్‌టాప్‌ను తెల్ల తువ్వాలు మీద బోర్లించి మామ విప్పాడు. అడుగున చిన్న మూత, దానికి రెండు స్క్రూలు. ఏడాదికి పైగా మేమంతా భయపడిన పని రెండు నిమిషాల్లో అయిపోయింది. అరచేతిలో పట్టేటంత డిస్కు. దాని మీద గీత కూడా పడలేదు. మామ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. దుమ్మేమీ లేకపోయినా పంచె అంచుతో తుడిచాడు.

చెన్నైకి ఆ డిస్కును తీసుకెళ్ళలేదు. "రైల్లో పోతే మళ్ళ యాడ తెచ్చేది" అని దాని పిన్నుల వరుసను కొలతలతో కాగితం మీద గీసుకుని, తెల్లవారుతూనే బండెక్కాడు. అరవం పెద్దగా రాదు. ఆ బొమ్మ చూపించి, అంగడి అంగడీ తిరిగి, సాయంత్రానికి తిరిగొచ్చాడు. జేబులోంచి తీసి నా చేతిలో పెట్టింది రెండు వేళ్ళంత పచ్చరంగు ముక్క. ఒకవైపు సన్న రంధ్రాలు, ఇంకోవైపు లావు పిన్నులు. అంత చిన్న వస్తువు కోసం అంత దూరం పోయి రావడం నాకోసం అంతకుముందు ఎవరూ చేయలేదు.

ఇంకొక చిక్కు ఉంది. పెద్ద డిస్కు కూర్చోవాల్సిన గూటిలో ఈ చిన్నది అటూ ఇటూ ఆడుతుంది. మామ డిపోలో తన పాత స్నేహితుల దగ్గరికి వెళ్ళి, పాడైన బస్సు పైకప్పు నుంచి అల్యూమినియం రేకు ముక్క తెచ్చాడు. రెండు పట్టీలు కత్తిరించి, వంచి, రంధ్రాలు వేసి, చేతికి గీసుకోకుండా అంచులు ఆకురాయితో నున్నగా అరగదీశాడు.

అంగడికి నేనూ మామా సీపీయూ డబ్బాను ఆటోలో పెట్టుకుని వెళ్ళాం. అంగడాయన ముందు చిన్న డిస్కును తన కంప్యూటర్‌కు తగిలించాడు. సన్నగా గిర్రుమన్న చప్పుడు మొదలైంది.

"వచ్చింది" అన్నాడు ఆయన. "దీంట్లో సి అని ఒక భాగం, డి అని ఒక భాగం ఉండాయి. విండోస్ ఉండేది సిలో. అది ల్యాప్‌టాప్ కోసం వేసింది, మీ డబ్బాలో నడవదు. సి మొత్తం చెరిపి కొత్తగా వేయాల. చెరిపేముందు కావాల్సింది చూసుకోండమ్మా. తర్వాత నేనేం చేయలేను." కుర్చీ నాకిచ్చి, ఆయన బయటికి వెళ్ళి నిలబడ్డాడు. మామ కూడా వెళ్ళబోయాడు. ఉండమన్నాను.

ఒక్కొక్కటీ తెరిచాను. కల్వర్టుల కొలతలు. సిమెంటు బస్తాల జాబితాలు. కంకర కుప్ప పక్కన నిలబడిన రోడ్డు రోలరు ఫోటోలు పది పన్నెండు. పేకముక్కల ఆట. తలకోన వెళ్ళినప్పటి ఫోటోలు, వాటిలో ఒకదాంట్లో నేను నోటి నిండా ఏదో పెట్టుకుని చెయ్యి అడ్డం పెడుతున్నాను. ఇంకా వెతికాను. చివరికి నా పేరు కనిపించింది. ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరుతో ఒక ఫోల్డరు.

తెరిస్తే ఖాళీ.

మూసి మళ్ళీ తెరిచాను. ఏమీ లేదు. పక్కకు తిరిగితే మామ చూస్తున్నాడు. ఆయనకు కంప్యూటర్ తెలియదు గానీ నా మొహం తెలుస్తుంది.

"ఏమీ లేదు మామా. పేరు పెట్టి వదిలేసినాడు."

మామ తెర వైపు వంగి ఆ ఖాళీని చూశాడు. చెప్పవలసిన మాటను ఏరుకుంటున్నట్టుగా ఉన్నాడు.

"ఏమన్నా పెడదామనే గదా మ్మా పేరు పెట్టినాడు. టైముందిలే అనుకున్నాడు. పోతామని తెలిసినోడు ఏదో ఒకటి రాసి పోతాడు. వీడు రాయలేదంటే వీనికి తెల్దు. ఆ పొద్దు గూడా ఇంటికి వస్తాననే బయల్దేరినాడు" అన్నాడు. ఆగి, "నాకైతే రవంత నెమ్మదిగా ఉండాది" అన్నాడు.

ఆ అంగట్లో, పాత మానిటర్ల మధ్య, మేమిద్దరం ఏడ్చాం. ఏడాదిగా నేను మోస్తున్న ప్రశ్న అక్కడ దిగిపోయింది. ఆయన చివరి నిమిషంలో నన్ను తలచుకున్నాడా, నాకేమైనా చెప్పాలనుకున్నాడా అని నన్ను నేను తినేస్తూ ఉన్నాను. ఇంటికి వద్దామనుకున్నాడు. అంతే. ఆ మాట చెప్పడానికి కొడుకును పోగొట్టుకున్న తండ్రి తన దుఃఖాన్ని ఎంత పక్కన పెట్టాల్సి వచ్చిందో నాకు చాలా కాలం తర్వాత గానీ అర్థం కాలేదు.

అంగడాయన లోపలికి వచ్చాక మామ కళ్ళు తుడుచుకుని పనిలో పడ్డాడు. "ముందు అన్నిటికీ ఇంకో కాపీ తియ్యి సామీ. స్పేరు లేకుండా బండి డిపో దాటగూడదు." ఫోటోలూ కాగితాలూ సీడీల్లోకీ, చెరపని డి భాగంలోకీ ఎక్కించారు. నా పేరున్న ఖాళీ ఫోల్డరును కూడా డి భాగంలోకి మార్చమని అడిగాను. అంగడాయన ఎందుకని అడగలేదు.

మా డబ్బాలో బిగించేటప్పుడు మామ ఆయన్ను ఆపాడు. "ఆ బిడ్డ పెట్టనీ."

"పిన్నులు తిరగేసి పెడితే కాలిపోతుంది పెద్దాయనా."

"అందుకే. నా కండ్లు ఆనవు. దాని వేళ్ళు సన్నం. నువ్వు సెప్పు, అది పెడతాది."

ఇనుప కిటికీ ఊచను ముట్టుకుని రమ్మన్నాడు అంగడాయన, ఒంట్లోని కరెంటు పోవడానికి. ముట్టుకుని వచ్చి, పచ్చ ముక్క మీద ఒకటో నంబరు వెతికి, కేబులు మీది ఎర్ర గీతను దానివైపు తిప్పి, మెల్లగా నొక్కాను. బస్సు రేకు పట్టీల మీద డిస్కును నాలుగు స్క్రూలతో బిగించాను. కదల్లేదు. మీట నొక్కితే గిర్రుమంది. మామ నా తల మీద చెయ్యి పెట్టి తీసేశాడు. అదీ ఆయన మెచ్చుకోవడం.

అంగడాయన సి చెరిపి కొత్త విండోస్ వేసిచ్చాడు. ఇంట్లో కంప్యూటర్ నడవడం మొదలయ్యాక మూడో రోజు అత్త వంటింట్లోంచి అడిగింది. "ఆ సప్పుడు వాడిదేనా?"

"అవునత్తా."

తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గడప దగ్గర నిలబడింది. నేను తలకోన ఫోటో తెరిచాను. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నీళ్ళలో నిలబడి నవ్వుతున్న కొడుకు. అత్త దగ్గరికి వచ్చి తెర మీద చెయ్యి ఆనించింది. "సిక్కినాడు ఆ పొద్దుల్లో. తిండి సరిగా తినేవాడు కాదు" అంది. ఆ రోజు మామకు అన్నం ఆమే వడ్డించింది.

తర్వాత రోజూ మధ్యాహ్నం ఫోటో చూపించమనేది. కొన్నాళ్ళకు మామే ఆమెకు మౌసు పట్టుకోవడం నేర్పాడు. "అట్ల పిసకొద్దు మే, రవంత మెల్లగా. రెండుసార్లు తట్టు. సాలు." ఇద్దరూ కుర్చీకి ఒకరు, స్టూలుకు ఒకరు కూర్చుని, కంకర కుప్పల ఫోటోలు కూడా వదలకుండా చూసేవాళ్ళు. నేను ఆ డిస్కులోనే నేర్చుకున్నాను. నేను టైపు చేసిన మొదటి ఉత్తరం ఉద్యోగం కోసం పెట్టుకున్న దరఖాస్తు. దాన్ని నా పేరున్న ఫోల్డరులో దాచాను. ఆ తర్వాత ఎన్నో దాంట్లో చేరాయి.

పలమనేరు డెయిరీలో ఉద్యోగం వచ్చినప్పుడు మామ నాకంటే ముందు వెళ్ళి, గది చూసి, కుళాయి తిప్పి, గడియ వేసి తీసి, ఇంటావిడతో మాట్లాడి వచ్చాడు. రెండేళ్ళయ్యాక ఒక ఆదివారం వచ్చి, కాఫీ తాగుతూ, అక్కడి హైస్కూల్లో లెక్కల మాస్టారు గురించి చెప్పాడు. ఆయన భార్య జబ్బు చేసి పోయిందట. వారం వారం తిరుపతికి వచ్చిపోయే ఆయన మామకు బస్సులో పరిచయం. "నాలుగు వారాలు వాయనతో జతగా ప్రయాణం సేసినా. కావాలనే. కండక్టరుతో ఎట్ల మాట్లాడతాడో సూసినా, ముసిలోళ్ళు ఎక్కితే లేస్తాడో లేదో సూసినా. మంచోడు. నీకిష్టమైతేనే మ్మా."

నేను తల వంచుకుని, "అత్త ఏమంటుందో" అన్నాను.

"మీ అత్తే పంపింది నన్ను" అన్నాడు.

వడమాలపేటకు వెళ్ళి మా నాయనను ఒప్పించిందీ మామే. అక్కడ ఏమన్నాడో నాయన తర్వాత చెప్పాడు. "మీరు నమ్మి మా ఇంటికి బిడ్డనిచ్చినారు. నా కొడుకు నిలవలేదు. ఇంకొక ఇల్లు సూసే బాధ్యత నాదే గదప్పా" అన్నాడట. నాయన ఆయన చెయ్యి పట్టుకున్నాడట. పెళ్ళిలో కన్యాదానానికి మా అమ్మానాన్నలు కూర్చుంటే, మామా అత్తా వాళ్ళ వెనకే చాప మీద కూర్చున్నారు. ఫోటో తీసేవాడు జరగమన్నా జరగలేదు.

మొన్నామధ్య, తిరుపతి ఇంట్లోనే ఉంచిన కంప్యూటర్‌లో ఆ చిన్న డిస్కు టక్కుటక్కుమని కొట్టుకుని ఆగిపోయింది. ఫోనులో ఆ మాట విని నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మామ మాత్రం నిబ్బరంగానే ఉన్నాడు. "ఫోటోలు సీడీల్లో ఉండాయి. నువ్వు నేర్చుకుంది నీ తావ ఉండాది. పోయింది ఇనుమే మ్మా. దాని పని అది సేసి పోయింది." వారంలో కొత్త డిస్కు తెచ్చి, ఈసారి ఒక్కడే బిగించి, అత్తకు ఫోటోలు మళ్ళీ ఎక్కించి పెట్టాడు.

ఆయనకు నేను ఎన్నడూ కృతజ్ఞత చెప్పలేదు. చెబితే ఇబ్బంది పడేవాడు. నన్ను ఆ ఇంటి నుంచి పంపించకుండానే ఇంకొక ఇంటికి చేర్చిన మనిషి ఆయన. ఇవ్వాళ నా చేతిలో పనుంది, ఇంట్లో మాస్టారూ పాపా ఉన్నారు, తిరుపతిలో అత్త ఉంది. వీటిలో ఏ ఒక్కటీ ఆయన చెయ్యి పడకుండా నా దాకా రాలేదు.

చివరిసారి మామ పలమనేరు వచ్చింది రెండు నెలల కిందట. రెండు రోజులుండి, పాపను భుజానెత్తుకుని బజారంతా తిప్పి, మూడో రోజు బయల్దేరాడు. నేను బస్టాండుకు వెళ్ళాను. బస్సు కదిలేదాకా నేను నిలబడడం ఆయనకు ఇష్టముండదు. "పో మ్మా, ఎండ. పాప లేస్తాది" అని తరిమేవాడు. ఆ రోజూ సరేనని వచ్చి, పూలంగడి పక్కన నిలబడి చూశాను. కిటికీ పక్క సీట్లో కూర్చున్నాడు. నేనిచ్చిన చిత్రాన్నం డబ్బా మూత తీసి, ముందు పక్కనున్న ఎవరో కొత్త మనిషి వైపు చాపాడు. ఆయన మొహమాటపడుతూ చేత్తో కొంచెం తీసుకున్నాడు. మామ ఏదో చెబుతున్నాడు. నాకు వినపడలేదు. చెబుతూ చెబుతూ చెయ్యి బయటికి పెట్టి మా వీధి ఉన్న వైపు చూపించాడు. ఆ మనిషి కూడా మెడ చాచి అటు చూశాడు. బస్సు కదిలి, మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి అలా బయటే ఉంది.